మట్టి మీద నడిస్తే చెక్క మోగుతోందా? ఫోలీ అడుగుల తంటా

ఫోలీ అంటే తెర మీది బొమ్మకు తగ్గట్టు అడుగుల్లాంటి చప్పుళ్లు విడిగా చేసి రికార్డు చెయ్యడం. సమస్య: తెర మీద మనిషి పొలంగట్టు మీద నడుస్తున్నాడు. చెవికి మాత్రం పెట్టె మీద నడిచినట్టు ‘డబ్ డబ్’మంటోంది.

ముందు అడుగుల ట్రాకు ఒక్కటే వినిపించేలా సోలో చేసి హెడ్‌ఫోనుతో వినండి. ఫ్యాను హోరు, ఫ్రిజ్ రొద, మెట్టెలు, జేబులో తాళాలు అక్కడే దొరికిపోతాయి. దయచేసి ఇది చెయ్యకుండా మైకు మార్చకండి.

అవేవీ కాకపోతే తప్పు అడుగు కింద ఉంది. ఇళ్లలో ఫోలీ చేసుకునేవాళ్లు కొందరు ప్లైవుడ్ ట్రేలో 2 అంగుళాల మట్టి పోసి, ఎత్తు కోసం కింద చెక్కముక్కలు పెడతారు. అడుగున గాలి మిగులుతుంది, ట్రే మద్దెలైపోతుంది. గదిలో ఉన్నప్పుడు ఇది పట్టుబడదు: కంటికి మట్టి కనిపిస్తోంది కాబట్టి చెవీ మట్టే అనుకుంటుంది. మైకుకి ఆ మొహమాటం లేదు. గుర్తు ఒకటుంది. నిజమైన మట్టిలో ఏ రెండు అడుగులూ ఒకలా పలకవు. బోలు ట్రేలో ప్రతి అడుగు వెనకా అదే శ్రుతి మోగుతుంది. ఈక్యూలో (ఏ స్థాయి ధ్వని ఎంత వినపడాలో సరిచేసే సాధనం) 100–200 హెర్ట్జ్ కోస్తే మోత పోతుంది, దాంతోపాటు మనిషి బరువూ పోతుంది. కోతతో బాగుపడేది కాదిది.

ట్రే తీసెయ్యండి. కింది అంతస్తులో సిమెంటు గచ్చు మీదే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చట్రం కట్టండి. 4 అంగుళాల లోతు వస్తుంది. 3 అంగుళాలు తడిమట్టి దిమ్మిస కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. పిడికిలితో గుద్దితే నడిమధ్యా మూలా ఒకేలా, చప్పగా పలకాలి. పై అంగుళం సీనుకి తగ్గట్టు మార్చుకోండి: ఎండుటాకులు, గులకరాళ్లు, జల్లించి ఎండబెట్టిన వంశధార ఇసుక. తడి ఇసుక కరకరమనదు. గడ్డి కావాలంటే పాత క్యాసెట్ టేపు గుట్టగా పోసి తొక్కండి.

‘డబ్’ పోయినా గది గింగురు మిగిలితే గది గోడలకు బొంతలు వేలాడదీసి, మైకును పాదానికి 2–3 అడుగుల్లోకి తెండి.

అడుగులు మొదట్లో బొమ్మతో కలిసి, పోనుపోను జారుతుంటే 44.1 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క) ఫైలు 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో మార్పిడి లేకుండా పడి ఉంటుంది. మార్చి మళ్లీ పెట్టండి. చెప్పు కిర్రుమంటే చెప్పు మార్చండి.