పైలట్ కాంట్రాక్టులో జీతం పేజీని తర్వాత చూడండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు పిల్లల్లో ఎవరికైనా ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వస్తే ఆఫర్ లెటర్ ఫొటో తీసి నాకు పంపుతారు. కింద ఒకే ప్రశ్న ఉంటుంది: "అన్నయ్యా, జీతం బాగుందా?" జీతం బాగానే ఉంటుంది. అది బాగా కనపడేలాగే రాస్తారు. మా పిన్ని నన్ను ఇప్పటికీ విమానం డ్రైవరనే అంటుంది. ఆ లెక్కన చూసినా, డ్రైవరుగా చేరేవాడు బండి ఎన్నాళ్ళుంటుందో ముందు అడుగుతాడు కదా.

అందుకే మొదట కాంట్రాక్టులో 'టైప్' అన్న మాట, అంటే మీరు నడిపే విమానం రకం, ఎక్కడెక్కడుందో వెతకండి. పైలట్ లైసెన్సు ఉన్నంత మాత్రాన అన్ని విమానాలూ నడపలేం. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం నడిపేవాడు ఎయిర్‌బస్ జెట్ ఎక్కాలంటే మళ్ళీ క్లాసులు, సిమ్యులేటర్, పరీక్షలు, లైసెన్సు మీద కొత్త ఎండార్స్‌మెంట్. ఇదంతా నెలల పని. మీరు నడిపే విమానాన్ని కంపెనీ తీసేస్తే ఆ నెలల్లో మీ పరిస్థితి ఏమిటన్నది కాంట్రాక్టులో ఉండాలి. చాలావాటిలో "కంపెనీ అవసరాన్ని బట్టి పైలట్‌ను ఏ విమానానికైనా మార్చవచ్చు" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. దాని కింద నాలుగు ప్రశ్నలు అడగండి. కొత్త ట్రైనింగు ఖర్చు ఎవరిది? ట్రైనింగులో ఉన్నప్పుడు జీతం పూర్తిగా ఇస్తారా? ముందే మానేస్తే డబ్బు కట్టాలనే పాత బాండ్ మీద కొత్త బాండ్ వేస్తారా? అక్కడికి వెళ్ళాక సీనియారిటీ ఇదే ఉంటుందా, లేక వరుసలో చివర నిలబడాలా? జవాబులు మెయిల్‌లో తీసుకోండి. హెచ్.ఆర్. వాళ్ళు ఫోన్లో చాలా తియ్యగా మాట్లాడతారు.

ఈ చివరి ప్రశ్న చిన్నదనుకోకండి. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసిపోయాక కొత్త బోయింగ్ 787 ట్రైనింగులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళకీ చోటివ్వడం దగ్గర తగాదా ముదిరింది. 2012లో పాత ఎయిర్ ఇండియా వైపు పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. కమాండ్, అంటే కెప్టెన్ పదవి, ఎవరికి ముందొస్తుంది, ఎవరికి ఆలస్యమవుతుంది అన్నదే వాళ్ళ అసలు బాధ.

పాత విమానాలు పోవడం తప్పని నేననను. ఇంధనం ఎక్కువ తాగుతాయి, రిపేర్లు ఎక్కువ. పైగా మన దేశంలో ఎక్కువ విమానాలు లీజువే, గడువైతే వెనక్కి వెళ్ళాల్సిందే. పైలట్లకు ఒళ్ళు మండేది, ఈ సంగతి తమకు అందరికన్నా ఆఖర్న చెబుతారని. నేను పనిచేసిన ఒక కంపెనీలో పాత బోయింగ్ 737లు వెళ్ళిపోతున్నాయని నోటీసు రాకముందే టెక్ లాగ్, అంటే విమానం రిపేర్ల పుస్తకం, చెప్పేసింది. అందులో వాయిదా వేసిన రిపేర్లు రాస్తారు. కేటగిరీ బి అయితే 3 రోజుల్లో, సి అయితే 10, డి అయితే 120 రోజుల్లో బాగు చేయాలి. ఇదివరకు రెండో రోజే సరిచేసేవాళ్ళు, తర్వాత ప్రతిదీ గడువు చివరిదాకా లాగడం మొదలుపెట్టారు. మే నెల మధ్యాహ్నం భువనేశ్వర్‌లో, నేల మీదున్నప్పుడు ఏసీ నడిపే చిన్న ఇంజను ఏపీయూ పనిచెయ్యదు, బయటినుంచి ఏసీ బండి రాదు. కేబిన్ ఉడికిపోతుంటే వెనకనుంచి ఒడియాలో, తెలుగులో తిట్లు. రెండూ నాకు అర్థమవుతాయి, అదొక శిక్ష. అదే నెలలో మేనేజ్‌మెంట్ మీటింగ్ పెట్టి 'ఫ్లీట్ ఆధునీకరణ' అని రంగురంగుల స్లైడులు చూపించింది. పైలట్ల గురించి ఒక్క స్లైడూ లేదు.

కాబట్టి చేరాక కూడా కళ్ళు తెరిచి ఉంచండి. మీ టైప్ మీద కొత్తగా ఎవరినీ కెప్టెన్ చెయ్యడం లేదా? సిమ్యులేటర్ స్లాట్లు తగ్గుతున్నాయా? పెద్ద చెక్‌కి, అంటే విప్పి చూసే పెద్ద తనిఖీకి, వెళ్ళాల్సిన విమానం ఓ మూల నిలబడి ఉందా? అప్పుడు చీఫ్ పైలట్‌కి మర్యాదగా మెయిల్ రాసి, మారే తేదీ, ట్రైనింగ్ ఎప్పుడన్నది అడగండి. ఇంకో లెక్క కూడా ఉంది. 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు లేకపోతే ప్రయాణికులతో ఎగరడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చోబెడితే, ఆ గడువు దాటకముందే సిమ్యులేటర్ ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి.

ఇక గంటలు. కాంట్రాక్టులో 'గ్యారంటీ గంటలు' అని ఉంటుంది, అంటే ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటల డబ్బు ఇస్తామని. 2023లో ఎయిర్ ఇండియా కొత్త కాంట్రాక్టులో దీన్ని 70 నుంచి 40కి తగ్గిస్తే పైలట్ల సంఘాలు ఎదురుతిరిగాయి. మరుసటేడు విస్తారా ఎయిర్‌లైన్‌లోనూ అదే 40 గంటల దగ్గర గొడవై, చాలామంది సిక్ లీవు పెట్టి, విమానాలు రద్దయ్యాయి. గంటకు 5,000 రూపాయలనుకుందాం. 30 గంటలు తగ్గితే నెలకు లక్షన్నర తేడా. అన్నీ బాగా నడిచే నెలలో ఇది కనపడదు. పాత విమానాలు ఆగిపోయి, కొత్తవి ఇంకా రాని నెలల్లోనే దెబ్బ తగులుతుంది. అందుకే టైప్ మార్పు షరతునీ గంటల షరతునీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. బ్యాంకు ఈఎంఐ కట్టగలరా లేదా అన్నది గ్యారంటీ గంటల మీద లెక్కేసుకోండి, ఆఫర్ లెటర్‌లోని పెద్ద అంకె మీద కాదు.

నోటీసు విషయం ముందే తెలిసుండాలి. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం, మానేసేముందు ఇవ్వాల్సిన నోటీసు కెప్టెన్‌కి ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కి (కో-పైలట్‌కి) 6 నెలలు. కోపమొచ్చింది కదా అని మరుసటి రోజు వెళ్ళిపోవడం కుదరదు. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చేయకుండా వెళ్తే కంపెనీ కోర్టుకెక్కింది. మూకుమ్మడి సిక్ లీవు కూడా నాకు నచ్చని దారి. నిజంగా అలసిపోతే ఎగరలేనని ఫెటీగ్ రిపోర్ట్ ఇవ్వండి, దానికి భయపడొద్దు. లేని జ్వరం పేరు చెబితే రేపు నిజం జ్వరాన్ని కూడా నమ్మరు. ఫిర్యాదు సంఘం ద్వారా, తేదీలతో, పేజీ నంబర్లతో వెళ్ళాలి. లాగ్‌బుక్, రోస్టర్లు, జీతం స్లిప్పులు సొంత మెయిల్‌కి పంపుకోండి, ఉద్యోగం పోయిన రోజున కంపెనీ మెయిల్ తెరుచుకోదు.

బాండ్ మీద ష్యూరిటీగా నాన్న సంతకం అడుగుతారు. మన ఇళ్ళలో నాన్నలు పేపరు చదవకుండానే పెన్ను తీస్తారు. ఆయనకు ప్రతి షరతూ తెలుగులో చెప్పండి. బాకీ గరిష్ఠంగా ఎంత, పనిచేసిన ప్రతి నెలకూ ఎంత తగ్గుతుంది, కంపెనీయే విమానాలు తీసేసి మనల్ని పంపిస్తే బాండ్ రద్దవుతుందా అన్నవి రాయించాకే సంతకం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, కాపీలు చాలు. ఇంటి పత్రాలు అడిగితే బ్యాగు సర్దుకుని వచ్చెయ్యండి.