ఆపరేషన్‌కి ముందూ తర్వాతా మొటిమలు, చర్మ సమస్యలు: జాగ్రత్తలు

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ముఖం మీద నాలుగు మొటిమలు లేచాయని కంగారు పడక్కర్లేదు. వాటి వల్ల ఆపరేషన్ ఆగడం అరుదు. కోత పడే చోట చీముపొక్కో, సెగ్గడ్డో, మానని పుండో ఉంటేనే వాయిదా మాట వస్తుంది. అందుకే కోత ఎక్కడ పడుతుందో ముందుగా సర్జన్‌ని అడిగి తెలుసుకోండి. మోకాలి ఆపరేషన్‌కి నుదుటి మీది మొటిమ అడ్డం కాదు. వెన్నెముక ఆపరేషన్‌కి వీపు మీద చీము పట్టిన మొటిమలుంటే మాత్రం వాటిని పట్టించుకోవాల్సిందే. కోత చుట్టుపక్కల కొత్త పొక్కు కనిపిస్తే అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. నాలుగు రోజుల ముందు తెలిస్తే ఏదో ఒక చికిత్స చేయొచ్చు. ఆపరేషన్ టేబుల్ మీద బయటపడితే ఇంటికి పంపేయొచ్చు.

ఈ లోపు ఆ పొక్కుని గిల్లకండి. గిల్లితే చీము కొంత బయటికి, కొంత లోపలికి పోతుంది. పైన పచ్చి పుండు మిగులుతుంది, గోళ్లలో ఉన్న క్రిములు అందులోకి చేరతాయి. గిల్లని మొటిమ కన్నా గిల్లిన పుండే సర్జన్‌కి పెద్ద తలనొప్పి.

మందుల చీటీలో మొటిమల మందులూ ఉండాలి

వాడే మందులేమిటని మత్తు డాక్టర్ అడిగితే చాలామంది బీపీ, షుగర్ మాత్రలు చెప్పి ఊరుకుంటారు. మొటిమల మాత్రలు, రాసుకునే జెల్‌లు మందుల కింద లెక్కకు రావనుకుంటారు. కొన్ని ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి.

ముదిరిన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే, లేదా ఏడాది లోపు వాడి ఆపేసి ఉంటే తప్పక చెప్పాలి. ఈ మందు ఆపాక ఆరు నెలలైనా గడవందే చర్మం మీద ఏ పనీ చేయకూడదని ఒకప్పుడు అనేవారు. 2017లో చర్మ నిపుణులు ఉన్న ఆధారాలను పరిశీలించారు. పైపై పీల్స్‌కి (మందు రాసి చర్మం పైపొరను ఒలిచే చికిత్స), లేజర్‌తో వెంట్రుకలు తీయడానికి, చిన్నపాటి చర్మ శస్త్రచికిత్సలకు అంతకాలం ఆగాలనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ముఖమంతా యంత్రంతో రాపిడి చేసే డెర్మాబ్రేషన్, పైపొర మొత్తాన్ని తీసేసే లేజర్ విషయంలో మాత్రం ఆగడమే మంచిదన్నారు. ఈ మందు కళ్లను ఎండగడుతుంది కాబట్టి కళ్లజోడు తీసేసే లేజర్ ఆపరేషన్‌కి వెళ్లేవారు కంటి డాక్టర్‌కి కూడా చెప్పాలి. ఇంకో మెలిక ఉంది. ఐసోట్రెటినాయిన్‌తో పాటు డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ వేసుకుంటే తల లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. ఆపరేషన్ తర్వాత రాసిచ్చే యాంటీబయాటిక్ వీటిలో ఒకటి కావచ్చు, అందుకే అప్పుడు ఇంకోసారి గుర్తు చేయండి.

మొటిమల కోసం ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, పెద్ద ఆపరేషన్ తర్వాత కదలకుండా పడుకోవడంతో అది ఇంకాస్త పెరుగుతుంది. అలాంటి ఆపరేషన్‌కి సుమారు నాలుగు వారాల ముందు వీటిని ఆపమంటారు. చిన్న ఆపరేషన్ అయితే ఆపాల్సిన పని ఉండకపోవచ్చు. ఏ సంగతైనా డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి. ఆపమంటే ఆపినన్నాళ్లకు వేరే గర్భనిరోధక ఏర్పాటు అడగండి. మొటిమలకే ఇచ్చే మరో మాత్ర స్పైరోనోలాక్టోన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగొచ్చు, అందుకే ముందు రక్తపరీక్ష అడుగుతారు. ఆపరేషన్ రోజు ఉదయం ఆ మాత్ర వేసుకోవాలో మానాలో మత్తు డాక్టర్‌ని అడగండి. చర్మానికి మంచిదని వేసుకునే చేపనూనె, విటమిన్ ఇ గుళికలు కూడా చీటీలో రాయండి, వాటితో రక్తస్రావం పెరుగుతుందన్న అనుమానంతో చాలామంది సర్జన్లు వారం పది రోజుల ముందే ఆపిస్తారు.

చివరి రెండు వారాలు

కొత్త క్రీమ్, కొత్త ఫేస్‌వాష్, ఫేషియల్, వ్యాక్సింగ్, పీల్ ఏదీ ఈ రోజుల్లో మొదలుపెట్టకండి. పడకపోతే చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది, అది మానేలోపు తేదీ వచ్చేస్తుంది. ట్రెటినాయిన్, అడపలీన్ అనే మొటిమల జెల్‌లు రాసేవారు కోత పడే భాగంలో ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపండి. మిగతా చోట్ల మామూలుగా రాసుకోవచ్చు. ముఖం మీద లేజర్ గానీ పీల్ గానీ చేయించుకునేవారికి ఇంతకుముందు పెదవి దగ్గర జ్వరపు పొక్కులు వచ్చి ఉంటే ఆ మాట చెప్పాలి. ఆ పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మళ్లీ లేచి ముఖమంతా పాకకుండా ముందే మాత్రలు ఇస్తారు.

కోత పడే చోట వెంట్రుకలను ఇంట్లో గీసుకోవడం పెద్ద పొరపాటు. బ్లేడు కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో క్రిములు పెరుగుతాయి. వెంట్రుకలు తీయకపోవడమే మేలనీ, తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ పని ఆసుపత్రి వాళ్లకు వదిలేయండి.

భుజం ఆపరేషన్ సంగతి వేరు

మొటిమల్లో ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమి మొటిమలు లేనివారి చర్మంలోనూ ఉంటుంది. 2016 దాకా దీన్ని ప్రోపియోనీబాక్టీరియం ఆక్నెస్ అనేవారు. భుజం, వీపు పైభాగం, ఛాతీల్లో నూనె గ్రంథులు ఎక్కువ, ఇది వాటి లోతుల్లో ఉంటుంది. పైపైన తుడిచే క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రావణం అక్కడిదాకా సరిగా చేరదు. ఇది భుజంలో పెట్టిన కృత్రిమ కీలుకు పట్టుకుంటే జ్వరం, చీము లేకుండానే నెలల తర్వాత నొప్పి, బిగుసుకుపోవడం మొదలవుతాయి. చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ల్యాబ్‌లో కల్చర్‌ని (క్రిమిని పెంచి చూసే పరీక్ష) 10 నుంచి 14 రోజుల దాకా ఉంచి చూస్తారు. అందుకే కొందరు సర్జన్లు రెండు మూడు రోజుల ముందు నుంచి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ భుజానికి, చంకకి రాయమంటారు. చెబితేనే రాయండి. తువ్వాలు, చొక్కా, దుప్పటికి అంటితే రంగు పోతుంది, తెల్లవి వాడండి. మంట మరీ ఎక్కువైతే కడిగేసి ఫోన్ చేయండి.

ముందురోజు రాత్రి

మామూలు సబ్బుతోనో, ఆసుపత్రి ఇచ్చిన క్రిమినాశక ద్రావణంతోనో ఒళ్లంతా స్నానం చేయాలి. క్లోర్‌హెక్సిడిన్ ఇస్తే కళ్లు, చెవులు, నోరు, మర్మాంగాల దగ్గర తగలనివ్వకండి. కంట్లో పడితే కంటిపొర దెబ్బతింటుంది, చెవి లోపలికి పోతే వినికిడి దెబ్బతినొచ్చు. మొటిమలను పీచుతో రుద్దకండి. ఉతికిన తువ్వాలు, ఉతికిన బట్టలు, మార్చిన దిండు గలీబు వాడండి. ఆ తర్వాత క్రీమ్, పౌడర్, డియోడరెంట్, మేకప్ ఏవీ వద్దు. నూనె జిడ్డుంటే ఈసీజీ పట్టీలు, కట్టుకట్టే ప్లాస్టర్ సరిగా అతుక్కోవు.

ఆపరేషన్ తర్వాత లేచేవన్నీ మొటిమలు కావు

ఆపరేషన్ తర్వాత లేచే పొక్కుల్లో ఒక రకాన్ని ఇంకోటి అనుకుని తప్పు మందు రాయడం చాలా మామూలు. స్టెరాయిడ్ కోర్సు మొదలైన రెండు మూడు వారాలకు ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో ఎర్ర పొక్కులు లేస్తే అది స్టెరాయిడ్ మొటిమ. మందు తగ్గాక తగ్గుతుంది, వీటికి భయపడి స్టెరాయిడ్‌ని హఠాత్తుగా ఆపేయకూడదు. యాంటీబయాటిక్స్ వాడాక అలాంటి చోట్లే సన్నటి పొక్కులు లేచి బాగా దురద పెడితే మలసీజియా అనే ఫంగస్ కావచ్చు. దానికి ఇంకో యాంటీబయాటిక్ వేస్తే ముదురుతుంది, ఫంగస్ మందు కావాలి. రోజుల తరబడి వెల్లకిలా పడుకున్నవారి వీపు మీద లేచేవి చాలావరకు చెమటకాయలే, గాలి తగిలి ఒళ్లు పొడిగా ఉంటే పోతాయి. బెల్టు, కాలర్, నడుముపట్టీ అంచుల కింద వచ్చేవి రాపిడి మొటిమలు. పట్టీ కింద పల్చటి నూలు బట్ట పెట్టి, చెమట పట్టగానే మార్చండి. పట్టీని తీయడం మాత్రం సర్జన్‌ని అడగందే వద్దు.

ప్లాస్టర్ అతికిన మేర చతురస్రంగా ఎర్రబడి దురద పెడితే అది జిగురు పడకపోవడం. ప్లాస్టర్‌ని వెంట్రుకలు వాలిన దిక్కున, చర్మానికి దగ్గరగా మడిచి, నెమ్మదిగా తీయాలి. కుట్ల మీద నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ఆయింట్‌మెంట్ కొనుక్కుని రాస్తే కొందరికి అలర్జీ వచ్చి అది ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తుంది. ఏదైనా రాయమంటే మామూలు పెట్రోలియం జెల్లీ పల్చగా చాలు.

అసలు ఇన్ఫెక్షన్ తీరు వేరు. రెండు మూడు రోజుల తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది, ఎరుపు పాకుతుంది, చీము కారుతుంది, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వస్తుంది. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌ని కలవాలి.

మొటిమల మందులు మళ్లీ మొదలుపెట్టడం

గాయం పూర్తిగా మూసుకునే దాకా, అంటే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల దాకా, బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ యాసిడ్, ట్రెటినాయిన్ దాని మీద పడకూడదు. డాక్సీసైక్లిన్ మాత్రను పడుకుని మింగకండి. గొంతు గొట్టంలో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, అరగంట దాకా పడుకోకూడదు. ఆపరేషన్ తర్వాత ఐరన్ మాత్రలు ఇస్తుంటారు, అవి డాక్సీసైక్లిన్‌ని ఒంటికి పట్టనివ్వవు. రెంటికీ మధ్య కనీసం రెండు మూడు గంటలు తేడా ఉండాలి.

వారాలు గడిచాక మానిన మచ్చ మీదే ఒక చిన్న తెల్లటి చీముపొక్కు లేస్తే అది మొటిమ కాకపోవచ్చు, లోపలి కుట్టు దారం బయటికి నెట్టుకొస్తుండొచ్చు. కొస కనిపించినా లాగకండి, సర్జన్ దాన్ని కత్తిరించి తీసేస్తారు.