తండాలో బీపీ పరీక్షలు: మహిళా సంఘమే నడుపుకోవడం ఎలా?

పగటిపూట క్యాంపు పెడితే ఇంటిపట్టున ఉండేవాళ్లే వస్తారు. తెల్లారకముందే ఆటో ఎక్కి పత్తి తీతకు పోయే కూలీలు, మంచం దిగలేని ముసలివాళ్లు మిగిలిపోతారు. అందుకే ముందు ఇళ్ల లెక్క తీయండి. నేల మీద ముగ్గుతో వీధులు గీసి, ఇంటికో రాయి పెట్టి, 30 ఏళ్లు దాటినవాళ్ల పేర్లు రాయండి. ఆ జాబితాను ఆశా కార్యకర్త జాబితాతో పోల్చండి. అందులో లేని పేర్లే మొదట వెళ్లాల్సిన ఇళ్లు. పరీక్ష సాయంత్రం, పనినుంచి వచ్చి కాస్త కుదురుకున్నాక.

మణికట్టుకు కట్టే మిషన్ కొనొద్దు, దండచేతికి కట్టేది తీసుకోండి. చాలా మిషన్లతో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెం.మీ. చేతి చుట్టుకొలతకు సరిపోతుంది. ముందు చేతిని టేపుతో కొలవండి. బక్కచేతికి పెద్ద పట్టీ వేస్తే అంకె తక్కువగా, లావు చేతికి చిన్నది వేస్తే ఎక్కువగా వస్తుంది. మిషన్‌ను అప్పుడప్పుడు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లోని దానితో సరిచూడండి.

బీడీ, ఖైనీ, టీ తీసుకుని అరగంట దాటాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఆనాలి, పట్టీ రవిక చేతి మీద కాకుండా ఒంటికే తగలాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. ఈలోగా కబుర్లు వద్దు. తండాలో అన్నిటికన్నా కష్టం ఇదే.

పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే, మరో రోజు మళ్లీ చూసి పీహెచ్‌సీకి పంపండి. పై అంకె 180 లేదా కింది అంకె 110, లేదా అంతకు మించి ఉంటే అదే రోజు పంపాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు ఉంటే అంకెతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. గర్భిణికి 140/90 వచ్చినా ఆ రోజే ఏఎన్ఎంకు (ఊరి ఆరోగ్య నర్సుకు) చెప్పాలి.

ఈ పని ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాతే. "బీపీ తగ్గిందిగా" అని మాత్రలు మానేస్తారు. తగ్గింది మాత్రల వల్లేనని ప్రతిసారీ చెప్పాల్సిందే. రిజిస్టర్‌లో అంకెల పక్కన "మాత్రలు అయిపోయే తేదీ" గడి పెట్టి, దానికి 5 రోజుల ముందు పది ఇళ్లకొకరు చొప్పున వెళ్లి అడగండి. అంకెలు నలుగురిలో చదవొద్దు. వలస పోయేవాళ్లుంటే బయల్దేరే ముందే పీహెచ్‌సీలో అడిగి, అన్ని రోజులకూ సరిపడా మాత్రలు ఇప్పించండి.