క్రికెట్‌కి అలవాటుపడ్డ చేతులకు బేస్‌బాల్ స్వింగ్

మా అక్క కొడుక్కి పన్నెండేళ్లు. విశాఖలోని ఎంవీపీ కాలనీ సందుల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుతూ పెరిగాడు. పోయిన వేసవిలో స్కూల్లో బేస్‌బాల్ టీం పెడుతున్నారని బ్యాట్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నేను కాలేజీ రోజుల్లో బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆడాను. వాడి మొదటి స్వింగ్, అంటే బ్యాట్ తిప్పే తీరు, చూడగానే సంగతి తెలిసిపోయింది. చేతులు ముందే వెళ్లిపోతున్నాయి, నడుము కదలట్లేదు. క్రికెట్ నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇదే ఇబ్బంది. పాదాల దగ్గర పుట్టిన బలం నడుము దాటి, ఆఖర్న చేతుల్లోకి రావాలి. మేం చేసిన సాధనంతా ఈ వరస కుదరడం కోసమే.

ముందు సామాను. బ్యాట్ మరీ బరువుంటే ఎన్ని డ్రిల్స్ చేసినా లాభం లేదు. ఒంటి చేత్తో బ్యాట్‌ని పక్కకి చాపి ఇరవై లెక్కపెట్టమనండి. చెయ్యి వాలిపోతే దానికంటే తేలికది తీసుకోండి. టీని, అంటే బాల్‌ని పైన నిలబెట్టి కొట్టే స్టాండుని, మేమే చేసుకున్నాం. పాత పెయింట్ డబ్బాలో సిమెంటు పోసి పీవీసీ పైపు నిలబెట్టాం. పైన కారు మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న రేడియేటర్ రబ్బరు గొట్టం ముక్క తొడిగాం. రబ్బరు కాబట్టి తగిలినా బ్యాట్ దెబ్బతినదు. ఫిషింగ్ హార్బర్‌లో తెలిసినవాళ్లు ఇచ్చిన పాత నైలాన్ వలని రెండు మడతలు వేసి డాబా మీద కట్టాం. వలని బిగించి కట్టకండి, బాల్ వెనక్కి తన్నుకొస్తుంది. వదులుగా వేలాడదీస్తే బాల్ అక్కడే కిందపడుతుంది.

ఇక పట్టు. కుడిచేతి వాటం పిల్లలకి ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి దాన్ని ఆనుకుని పైన ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులు రెండు చేతులవీ దాదాపు ఒకే వరసలోకి రావాలి. బ్యాట్ అరచేతిలో కాదు, వేళ్లలో ఉండాలి. మావాడు పిడికిలి బిగించేసేవాడు. బిగిస్తే మణికట్టు తిరగదు. విశాఖ ఉక్కపోతకి చేతులు చెమటపట్టి జారతాయన్న భయంతోనే పిల్లలు ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అందుకని పక్కనే ఒక తువ్వాలు పెట్టండి.

మొదటి వారం బాల్ ఇవ్వకండి. బ్యాట్‌ని నడుము వెనక అడ్డంగా పెట్టి, రెండు మోచేతుల మడతల్లో ఇరికించమనండి. బరువు వెనక కాలి మీదికి తెచ్చి, ముందు కాలు జానెడు మాత్రమే మెల్లగా వేయాలి. ఆ పాదం నేలమీద ఆనాక నడుము తిప్పాలి. వెనక మడమ లేచి, బొడ్డు పిచర్ (బాల్ విసిరే ఆటగాడు) వైపు చూడాలి. చేతులకి పనే లేదు కాబట్టి నడుము తప్పనిసరిగా తిరుగుతుంది. మూడోరోజు మావాడు “ఏటి పిన్నీ, ఇది డాన్సా?” అని విసుక్కున్నాడు. “ఇంకో పది తిరుగు నాన్నా, తర్వాత బాల్ పెడతా” అని బతిమాలాను. ఆ పది దాటాకే వాడి వెనక మడమ దానంతటది లేవడం మొదలైంది.

తర్వాత వల దగ్గర ఒక డ్రిల్. బ్యాట్ పిడి చివర బొడ్డుకి ఆనించి, కొన వలకి తగిలేంత దూరంలో నిలబడి, వలకి తగలకుండా స్వింగ్ చేయాలి. చేతులు ముందే చాపేస్తే బ్యాట్ వలకి చిక్కుకుంటుంది. తప్పు చేసినవాడికే వెంటనే తెలిసిపోతుంది, మనం అరవక్కర్లేదు. ఈ డ్రిల్‌ని గోడ దగ్గర మాత్రం చేయించకండి, మణికట్టుకి దెబ్బ.

అసలు పని టీ మీదే జరుగుతుంది. క్రికెట్ బ్యాట్ వెడల్పు 4.25 అంగుళాల దాకా ఉండొచ్చు. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రం, అమెరికా మేజర్ లీగ్‌లో కూడా లావు 2.61 అంగుళాలు దాటకూడదు. అందుకే కాస్త పైన తగిలినా, కింద తగిలినా బాల్ దారి మారిపోతుంది. టీని నడుము ఎత్తులో, ముందు పాదానికి కొంచెం ముందు పెట్టండి. బాల్ అదే ఎత్తులో సూటిగా వలకి తగలాలి. వల అడుగున తగిలితే బాల్ పైభాగాన్ని కొడుతున్నాడని అర్థం. ఆకాశంలోకి లేస్తే చాలాసార్లు వెనక భుజం వాలిపోతోందన్నమాట. మావాడికి సిక్సర్ మోజు, అందుకే భుజం వాల్చేసేవాడు. వల మీద ఎర్రగుడ్డ కట్టి, దానికి తగిలిందే లెక్క అన్నాను. రెండు వారాల్లో దారికొచ్చాడు. అప్పుడు టీ జరపడం మొదలుపెట్టాం. ఒంటికి దగ్గరగా వచ్చే బాల్ కోసం ఇంకాస్త ముందుకి, దూరంగా వెళ్లే దానికోసం కాస్త వెనక్కి.

ఐదేసి బాల్స్, మధ్యలో విశ్రాంతి, మొత్తం పాతిక చాలు. వారానికి నాలుగు రోజులు. నన్ను చిన్నప్పుడు ఒక సారు “బలంగా కొట్టు, ఇంకా బలంగా” అంటూ వందలకొద్దీ కొట్టించారు. భుజం నొప్పితో నెలరోజులు ఆటకి దూరమయ్యాను. మీ పిల్లలకి అలా చేయకండి. అలసిన ఒంటికి తప్పు స్వింగే అలవాటవుతుంది.

టీ కుదిరాక మెల్లగా విసరండి. పక్కన ఏటవాలుగా కూర్చుని, ముందు తుంటి వైపు కిందినుంచి విసరాలి. హెల్మెట్ తప్పనిసరి. మా డాబా మీద సాయంత్రం సముద్రపు గాలికి టెన్నిస్ బాల్ దారి తప్పేది, అందుకే పొద్దున్నే ఆరింటికి మార్చుకున్నాం. పాత సాక్సులు ఉండలు చుట్టి కూడా విసరొచ్చు.

ఆఖరిది కళ్లకి సంబంధించినది. బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలకని హోమ్ ప్లేట్ అంటారు, దాని వెడల్పు 17 అంగుళాలు. దాని మీదుగా, మోకాళ్లకీ ఛాతీకీ మధ్య వచ్చిందే మన బాల్. నాలుగు చెడ్డ బాల్స్ వదిలేస్తే, పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ, అంటే బేస్, ఊరికే వస్తుంది. క్రికెట్ పిల్లలకి వదలడం రాదు. నేను బాల్స్ మీద స్కెచ్ పెన్‌తో అంకెలు రాసి ఎదురుగా పదిహేను అడుగుల నుంచి విసిరేదాన్ని. అంకె గట్టిగా చెప్పాలి, సరి సంఖ్య అయితేనే కొట్టాలి. మొదట్లో అన్నీ బాదేశాడు. నెల తిరిగేసరికి “ఏడు!” అని అరిచి, బ్యాట్ భుజం మీదే ఆపేశాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మ్యాచ్ ముందురోజు కొత్తదేమీ నేర్పకండి, టెన్షన్ పెరుగుతుంది. టీ మీద పది బాల్స్ ఎర్రగుడ్డకి కొట్టించి, బ్యాగ్ సర్దించి, పెందలాడే పడుకోబెట్టండి.