ముందు చక్రాల దడ, శబ్దం: చెక్ చేసే ముందు

చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లలో గుంతలు తగిలితే కారు ముందు భాగమే మొదట వదులవుతుంది. చూసే ముందు:

• గట్టి నేల మీదే జాకీ వేయండి. ఇసుకలో దిగబడుతుంది.
• హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి.
• జాకీని నమ్మి కిందికి దూరకండి. జాకీ స్టాండ్ (లేపిన కారును మోసే ఇనుప కాలు) తప్పనిసరి, ప్రాణం ముఖ్యం.
• బండి ఆపగానే బ్రేక్ డిస్క్ ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది.
• చక్రం నట్లు బిగుతుగా ఉన్నాయా? ఇది చూడకుండా ట్రయల్‌కి వెళ్లొద్దు.

చక్రం లేపాక పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుమంటే చక్రం తిరిగే బేరింగో, బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) అరిగినట్టు. పక్కల పట్టి ఊపినప్పుడే కదిలితే టై రాడ్ ఎండ్‌ని (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) అనుమానించండి. బాల్ జాయింట్ లూజుగా ఉంటే హైవే ఎక్కకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.