దగ్గు, జ్వరం లేకుండానే పక్షవాతం వస్తే: వైరస్‌ను కూడా అనుమానించండి

మూతి వంకర పోతే బీపీ, షుగర్ మీదే అనుమానం పడుతుంది. కోవిడ్, ఫ్లూ లాంటి ఇన్‌ఫెక్షన్లు కూడా పక్షవాతం తెస్తాయి. 2020లో న్యూయార్క్ వైద్యులు వివరించిన ఐదుగురు కోవిడ్ రోగులూ 50 ఏళ్ల లోపువాళ్లే, అందరికీ మెదడుకు రక్తం అందించే పెద్ద రక్తనాళమే మూసుకుపోయింది. వైరస్ సోకినప్పుడు రక్తనాళాల లోపలి పొర వాస్తుంది, రక్తం త్వరగా గడ్డకడుతుంది. గుండె లయ తప్పినా అందులో గడ్డ కట్టి మెదడుకు చేరొచ్చు.

ముందు పక్షవాతాన్ని గుర్తించండి. నవ్వమనండి. కళ్లు మూసుకుని రెండు చేతులూ భుజాల ఎత్తున పది సెకన్లు చాపి ఉంచమనండి, ఒకటి కిందికి వాలుతుందేమో చూడండి. చిన్న వాక్యం చెప్పించండి. ఉన్నట్టుండి చూపు పోయినా, నడక తూలినా అంతే. ఒక్క తేడా కనిపించినా వెంటనే అంబులెన్స్ పిలవండి.

అది వచ్చేలోగా, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని కాగితం మీద రాయండి. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన టైం కాదు, రాత్రి బాగానే ఉండి పడుకున్న టైం రాయాలి. చికిత్స నిర్ణయం చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది, చాలామంది తప్పు చెప్పేది కూడా ఇక్కడే.

ఆస్పిరిన్ వేయకండి: గడ్డ కట్టిందా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తేగానీ తెలియదు. నీళ్లు కూడా వద్దు. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వేలికి పెట్టి అంకె నిలకడగా వచ్చేదాకా ఆగండి. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా అది తప్పు చూపిస్తుంది. ఆయాసం లేకపోయినా 94 కంటే తక్కువ ఉంటే సిబ్బందికి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జలుబు, జ్వరం, వాసన తెలియకపోవడం ఉందా అన్నదీ చెప్పాలి. వెంట వెళ్లేవాళ్లు మాస్క్ పెట్టుకోండి.

ఆసుపత్రిలో స్వాబ్ (వైరస్ ఉందేమో చూడటానికి ముక్కు, గొంతు నుంచి తీసే నమూనా) ఫలితం కోసం చికిత్స ఆపకూడదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మీరు రాసిన ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుంటే గొట్టం పంపి గడ్డ తీసే చికిత్స ఆరు గంటల్లోపు, స్కాన్‌ను బట్టి కొందరికి 24 గంటల దాకా చేస్తారు. మెడ రక్తనాళాల సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల పైభాగం కూడా పడుతుంది. అక్కడ కనిపించే మచ్చలే కొన్నిసార్లు ఇన్‌ఫెక్షన్‌కు మొదటి ఆధారం, అందుకే ఆ చిత్రాలూ చూడమని అడగండి. రక్తంలో గడ్డల ఆనవాలు చూపే డీ-డైమర్ పరీక్షలో అంకె పెరిగిందని వైరస్ ఉన్నట్టు తేల్చలేం, పక్షవాతంలోనూ అది పెరుగుతుంది. మొదటి స్వాబ్ నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ చేయించాలి.