నల్లకోటు పెట్టెలో పెట్టుకునే ముందు

మొన్న సంక్రాంతికి చిత్తూరు వచ్చినప్పుడు కోర్టు బయట టీ తాగుతుంటే ఇద్దరు జూనియర్ న్యాయవాదులు పలకరించారు. ఒకమ్మాయికి పెళ్లి కుదిరింది, వరుడి ఉద్యోగం న్యూజెర్సీలో. ఇంకో అబ్బాయికి అమెరికాలో లా పీజీ కోర్సు ఎల్‌ఎల్‌ఎం సీటు వచ్చింది. ఇద్దరూ అడిగింది ఒకటే: "మేడమ్, ఇక్కడి ప్రాక్టీసు అక్కడ పనికొస్తుందా?" టీ చల్లారేలోగా తేలే ప్రశ్న కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎస్వీ యూనివర్సిటీలో మూడేళ్ల లా చదివి, చిత్తూరులో ఐదేళ్లు నల్లకోటు వేసుకున్నాను. 2003లో మా వారి వెంట హెచ్‌4 వీసా మీద వెళ్లాను. ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కౌంటీలో అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీని. మన లెక్కలో ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనుకోండి. కాకపోతే నా పై అధికారి ప్రభుత్వం నియమిస్తే వచ్చినవారు కాదు, ఎన్నికల్లో ఓట్లు అడిగి గెలిచినవారు. చిత్తూరు కోర్టు వదిలి ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు 14 ఏళ్లు పట్టింది. అందులో కొన్నేళ్లు చట్టం తినేసింది, కొన్నేళ్లు నా అజాగ్రత్త. రెండో రకం మీరు తప్పించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు కాగితాలు. న్యాయవాదిగా లైసెన్సు కోసం రాసే న్యూయార్క్ బార్ పరీక్షకు అర్హత తేల్చే బోర్డు మీ చేతి నుంచి మార్కుల జాబితా తీసుకోదు, యూనివర్సిటీయే నేరుగా పంపాలి. తిరుపతిలో ఉండగా రెండు రోజులు తిరిగితే అయ్యే పనికి నేను అమెరికా నుంచి ఏడాది ఫోన్లు చేశాను. పరీక్ష పాసయ్యాక మరో విడత ఉంటుంది, నడవడి గురించిన దరఖాస్తు. పాత ఉద్యోగాలకు సాక్ష్యంగా అఫిడవిట్లు అడుగుతారు. అప్పటికి మా సీనియర్ గారు ప్రాక్టీసు మానేసి పలమనేరు దగ్గర సొంత ఊళ్లో ఉన్నారు. మా తమ్ముడు బస్సెక్కి వెళ్లి, నోటరీని వెంటబెట్టుకుని సంతకం చేయించుకొచ్చాడు. అందరికీ అలాంటి తమ్ముడు ఉండడు.

మన చట్టం కూడా ఇంగ్లీషు కామన్ లా (పాత తీర్పులే దారిచూపే న్యాయపద్ధతి) నుంచే వచ్చింది కనుక, కళాశాలకు వెళ్లి మూడేళ్లు చదివినవారిలో కొందరికి న్యూయార్క్ ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్ష రాయనిస్తుంది. చదువులో లోటు కనిపిస్తే 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎంతో పూడ్చుకోవాలి. కాబట్టి బోర్డు జవాబు చేతికి రాకముందే ఫీజు కట్టకండి. కాలిఫోర్నియా అయితే స్వదేశంలో ఎన్‌రోల్ అయిన న్యాయవాదిని ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్షకు రానిస్తుంది. న్యూయార్క్‌లో పాసవడానికి 400కి 266 రావాలి. ఒక రోజంతా 200 బహుళైచ్ఛిక ప్రశ్నలే. ఇవి కాక వృత్తి నీతి పరీక్ష, 50 గంటల ఉచిత న్యాయసేవ ఉంటాయి. నేను మొదటిసారి తప్పాను. సెక్షన్ నంబర్లు అప్పజెప్పే మన అలవాటు అక్కడ ఎందుకూ కొరగాదు.

హెచ్‌4 మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి, భర్తదో భార్యదో గ్రీన్ కార్డు వ్యవహారం ఒక దశ దాటితే పని అనుమతి ఇస్తున్నారు. మా కాలంలో అదీ లేదు. 2007 జులైలో ఉద్యోగ కోటా గ్రీన్ కార్డు దరఖాస్తులకు కొద్ది వారాలపాటు తలుపులు తెరిచారు. ఆ సందులో దూరి పని అనుమతి తెచ్చుకుని, ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర చేరాను.

లాయరు కావడానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. 1973లో గ్రిఫిత్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టే ఆ మాట తేల్చింది. ప్రాసిక్యూటర్ కావాలంటే మాత్రం చాలాచోట్ల కావాలి. ఫెడరల్ ప్రాసిక్యూషన్‌లోనూ అంతే, నేను చేరిన చోటా అడిగారు. గ్రీన్ కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లు ఆగితేనే పౌరసత్వం. ఈ లెక్క తెలియక రెండుసార్లు దరఖాస్తు పెట్టి భంగపడ్డాను.

లాయర్లు కాని కొత్తవాళ్లు కూడా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. భార్యాభర్తల గొడవలో పోలీసుల అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, తెల్లారాక "కేసు వాపసు తీసుకుంటానండీ" అంటూ వచ్చే తెలుగువారిని చూస్తూనే ఉంటాను. మన రాష్ట్రంలో భార్యను వేధించారని పెట్టే 498ఎ కేసుకు కోర్టు అనుమతితో రాజీ ఉండేది కాబట్టి అలా అనుకోవడం సహజం. అక్కడ కేసు ప్రభుత్వానిది. నడపాలా, మానాలా అన్నది ప్రాసిక్యూటర్ తేలుస్తారు. దుకాణంలో చిన్న వస్తువు జేబులో వేసుకున్న విద్యార్థి, జరిమానాతో పోతుందని నేరం ఒప్పుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. ఆ ప్రమాదం గురించి ముద్దాయిని హెచ్చరించడం డిఫెన్స్ లాయరు బాధ్యత అని 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరుతో మాట్లాడకుండా దేనికీ తల ఊపకండి.

ఇక ఆ ఇద్దరి ప్రశ్నకు జవాబు. ఒక కేసులో సాక్షి తెలుగావిడ. నేను ఇంగ్లీషులోనే అడగాలి, ఆమె మాటలను కోర్టు దుబాసీ చెప్పాలి. "నా మీద చేయి చేసుకున్నాడు" అందామె. దుబాసీ దాన్ని భుజం మీద చేయి వేశాడన్నట్టుగా చెప్పాడు. జ్యూరీ మొహాల్లో ఏ కదలికా లేదు. నాకు తెలుగు వచ్చినా లాభం లేదు, నేను సాక్షినీ కాదు, దుబాసీనీ కాదు. "కొట్టాడా?" అని అడిగితే జవాబు నోటికి అందించినట్టవుతుంది, అవతలి లాయరు వెంటనే లేస్తాడు.

చిత్తూరులో సగం తమిళం, సగం తెలుగు మాట్లాడే సాక్షులు చెప్పింది జడ్జిగారు ఇంగ్లీషులో టైపు చేయిస్తుంటే, ఎక్కడ అర్థం జారిపోతుందో చెవులు రిక్కించి వినేవాళ్లం. అలాంటప్పుడు మా సీనియర్ గారు "మాట పట్టుకుని వేలాడకమ్మా, జరిగింది అడుగు" అనేవారు. అదే చేశాను. ఆ చేయి ఎక్కడ తగిలింది? చెంప మీద. తగిలాక ఏమైంది?

"కమ్మ ఊడి కింద పడింది."

దుబాసీ దాన్ని సరిగ్గానే చెప్పాడు. నేల మీద పడిన ఆ కమ్మ పోలీసులు తీసిన ఫొటోలో ఉంది.